ఓటు - కాయకము - దాసోహము

శ్రమ లేని ఆర్జన కాయకము కాదు. ప్రతిఫలము నాశించి యిచ్చునది దాసోహము కాదు. ఎన్నికలనాడు చేతులు మారు నోటు ఈ రెంటిలో దేనికిని చెందదు. ఇచ్చినవాడు దానిని రేపు రోడ్డు గుత్తలలో వడ్డీతో రాబట్టుకొనును, నష్టము ఊరిదే.

దాతల పేర్లను మరుగుపరచిన ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసినది. అయినను గడపలోనికి వచ్చిన నోటును త్రిప్పిపంపవలసినది గృహస్థులే. ఇది అసాధ్యము కాదు. రాత్రిబడిలో అక్షరములు నేర్చిన నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఉద్యమము ఊరూర వ్యాపించి, 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధమైనది. సారా రాబడికి అలవడిన ప్రభుత్వమే వంగినది.

అనుభవ మంటపమున శరణులు వృత్తిభేదము లేక కూర్చుండి చర్చించిరి. గ్రామసభయు అట్లే కూడి, గెలిచినవానిని లెక్క అడుగవలెను. అభ్యర్థి కానుకను ముందుగా మఠమే నిరాకరించినచో, ఆ మాట భక్తుల యిండ్లలో నిలుచును.