గ్యాస్ మాత్ర: అవసరమా, అలవాటా?

ఒక జుమా నమాజు తర్వాత మస్జిద్ మెట్ల మీద ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. "మౌలానా సాబ్! ఏడేళ్లుగా పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను. డాక్టరు రాసింది నాలుగు వారాలకే. తర్వాత మందుల షాపులో నేనే కొనుక్కుంటున్నాను. మొన్న అల్లాహ్‌పై భారం వేసి మానేశాను. మూడో రోజుకే ఛాతీలో నిప్పు రాజుకుంది, మళ్లీ మొదలుపెట్టాను. నా తవక్కుల్‌లో లోపం ఉందా?" అని అడిగారు.

పాఠక సోదరులారా! ఇది ఈమాన్‌లోని లోపం కాదు, కడుపు స్వభావం. 1988లో వాడుకలోకి వచ్చిన ఒమెప్రజోల్, తర్వాత వచ్చిన పాంటోప్రజోల్ వంటి మాత్రలు కడుపులోకి ఆమ్లాన్ని తోసే పంపులను మూసివేస్తాయి. ఆమ్లం తగ్గేసరికి శరీరం గాస్ట్రిన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. మాత్ర ఆపగానే, అణగి ఉన్న ఆమ్లం మునుపటికన్నా ఉధృతంగా ఊరుతుంది. 2009లో డెన్మార్క్ వైద్యులు ఏ జబ్బూ లేని 120 మందిని పరీక్షించారు. వారిలో కొందరికి ఎనిమిది వారాలు ఈ కోవకు చెందిన మాత్ర ఇచ్చి ఆపితే, తర్వాతి నాలుగు వారాల్లో నూటికి 44 మందికి మంట, పులితేన్పుల వంటి బాధలు కలిగాయి. మందు లేని ఉత్త మాత్రలు వేసుకున్నవారిలో ఈ సంఖ్య 15 మాత్రమే. అంటే, జబ్బు లేనివారికి కూడా మానినప్పుడు మంట వచ్చిందన్నమాట!

దీనిలో మనకొక గుణపాఠం ఉంది. ఒక వస్తువును వదిలినప్పుడు కలిగే బాధ, అది మనకు అవసరమనడానికి రుజువు కాదు. జర్దా మానినవాడూ, ఫజ్ర్‌కు కొత్తగా లేచేవాడూ తొలి రోజుల్లో విలవిల్లాడుతారు. 'ఇది లేకుండా బతకలేవు' అని నఫ్స్ గుసగుసలాడుతుంది. అక్కడ కావలసింది సబర్.

ఈ మాటే చాచాకు చెప్పబోయి, ఎందుకో ఆగి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగాము. "పోయిన ఏడాది గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పిరిన్, దానితో మరో రక్తం పలచబడే మాత్ర" అన్నారు. మేము ఉలిక్కిపడ్డాము. అలాంటివారికి కడుపులో రక్తస్రావం జరిగే ప్రమాదం ఉంటుంది. ఆ ప్రమాదం నుండి కాపాడేది కూడా ఈ గ్యాస్ మాత్రే! మా సబర్ బోధ ఆయన ప్రాణం మీదికి తెచ్చేదేమో!

శరీరం అల్లాహ్ అప్పగించిన అమానత్. అవసరం తీరాక కూడా మందు మింగుతూ ఉండటం సరికాదు, అవసరమైన మందును తవక్కుల్ పేరుతో విసిరేయడమూ సరికాదు. ఒంటెను కట్టిన తర్వాతే కదా అల్లాహ్‌పై భారం వేయవలసింది! అన్నవాహికలో తీవ్రమైన పుండ్లు ఉన్నవారు, రక్తస్రావ ప్రమాదం ఎక్కువగా ఉన్నవారు మానకూడదని 2022లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం సూచించింది. మిగతావారు డాక్టరును అడిగి మోతాదు తగ్గిస్తూ గానీ, ఒకేసారి గానీ మానవచ్చు. తొలి వారాల మంటకు యాంటాసిడ్ వంటివి సాయపడతాయి. మంట ఎంతకూ తగ్గకపోతే మళ్లీ వేసుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా వెంటనే వైద్యుణ్ణి కలవాలి.

అయితే మనల్ని మనం వేసుకోవలసిన ప్రశ్న మరొకటుంది. వలీమా విందులో అర్ధరాత్రి దాకా బిర్యానీ తినడానికి ఉదయమే మాత్ర వేసుకుంటున్నామా? అలాగైతే అది చికిత్స కాదు, ఇస్రాఫ్‌కు మనం రాసుకున్న అనుమతి పత్రం!

చాచాను డాక్టరు మాత్ర కొనసాగించమన్నారు. కానీ రాత్రి పదకొండింటి భోజనం ఎనిమిదింటికి మారింది. తిన్న వెంటనే పడుకోవడం మానారు. "మాత్ర మానలేదు మౌలానా, అతి మానాను" అన్నారు నవ్వుతూ.

ఏది అవసరమో, ఏది అలవాటో గుర్తించే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.