కారు ఆపమని చెప్పు

అమలాపురం,
ఏప్రిల్ 18.

చి.ల.సౌ. అమ్మలుకు,

అత్తయ్య దీవించి వ్రాయునది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. మీ మామయ్యకు ఇంకా చూపించలేదు. చూపిస్తే కళ్లజోడు తుడుచుకుని పాత అట్లాసు ముందేసుకుంటారు, ఇక ఆ పూట భోజనానికి లేవరు. నాలుగు రోజులట. హైదరాబాదులో బయల్దేరి బాపట్ల, సూర్యలంక, అక్కణ్ణించి 216 హైవే పట్టుకుని మచిలీపట్నం, మంగినపూడి, నరసాపురం, అంతర్వేది, యానాం, కాకినాడ, ఉప్పాడ, చివరికి భీమిలి. మళ్లీ వెనక్కి. అదీ మే రెండో వారంలో, అయిదో నెల నిండాక. అడుగున చిన్నగా ఒక ముక్క: ‘అమ్మకు చెప్పకు అత్తా, కంగారు పడుతుంది.’

నీకు కావలసిన మాట ముందే చెప్పేస్తాను. వెళ్లొచ్చు. ముప్ఫై నాలుగేళ్లు కాన్పుల వార్డుల్లో తిరిగినదాన్ని, కడుపుతో ఉన్నవాళ్లు గుమ్మం దాటకూడదనే రకాన్ని కాను. 14 వారాలు దాటాక 28 వారాల లోపు ప్రయాణానికి అనువైన కాలం. వేవిళ్లు తగ్గుతాయి, పొట్ట ఇంకా కాళ్లకు అడ్డం రాదు. టిఫా స్కాన్ అయిపోనీ. మాయ కిందికి లేదని, బీపీ, రక్తం బాగున్నాయని మీ డాక్టరమ్మ నోటితో అంటే బయల్దేరు. ఆవిడకు ‘ఊరికి వెళ్తున్నాం’ అని కాదు, ఈ ప్లాను ఉన్నది ఉన్నట్టు చూపించు.

అది అయిన తర్వాత నా సంగతి ఒకటి విను. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

1986 మే నెల. మీ బావ కడుపులో ఉన్నాడు, నాకు ఆరో నెల. మా తోడికోడలి చెల్లెలి పెళ్లికి కాకినాడ వెళ్లాలి. వ్యానులో పద్దెనిమిది మందిమి. మా మామగారు ముందు సీట్లో. అప్పటికి ఎదురులంక దగ్గర వారధి లేదు, గౌతమి దాటాలంటే పంటే గతి. మేం రేవుకు చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. ఇసుక కాలిపోతోంది. మగవాళ్లంతా దిగి వ్యాను నీడలో నిలబడ్డారు. నాకు ఇంట్లో బయల్దేరిన అరగంటకే ఒంటికి వస్తోంది. రేవు పక్కనే సరుగుడు తోట ఉంది. ఒక ఆడమనిషిని తోడు తీసుకుని పది అడుగులు వేస్తే అయిపోయేది. కానీ మామగారు, బావగార్లు అందరూ చూస్తుండగా లేచి అటు వెళ్లడమా? కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. పక్కనున్న పెద్దావిడ మరచెంబులోంచి మజ్జిగ పోసి ఇస్తే వద్దన్నాను, తాగితే మళ్లీ వస్తుందని. నేనెవర్ని? నర్సును! నీళ్లు బాగా తాగండమ్మా, బిగబట్టుకోకండమ్మా అని అంతకు ముందు వారమే వార్డులో పది మందికి చెప్పి వచ్చినదాన్ని.

పెళ్లి చూశాను. మూడో రోజు చలిజ్వరం, నడుము పక్కన పొడిచినట్టు నొప్పి, పొట్ట రాయిలా బిగుసుకోవడం. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకింది. అయిదు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు. మీ బావ నిలిచాడు. ఇప్పుడు మా పెరటి గుమ్మం దగ్గర తల వంచితే తప్ప లోపలికి రాలేడు. మామగారు ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన చాలాసేపు కూర్చుని, ‘చెబితే తోడు పంపేవాణ్ణి కదమ్మా’ అన్నారు. నిజంగా పంపేవారే. ఆయన అలాంటి మనిషే.

నువ్వు ఈ కాలం పిల్లవు, నీకేం మొహమాటం అంటావు. మీ ఆయన స్నేహితుడూ, ఆయన భార్యా ఇంకో కారులో వస్తున్నారని రాశావు. అక్కడే నాకు అనుమానం. మొదటిసారి కారు ఆపమంటావు. రెండోసారీ అంటావు. మూడోసారికి ముందు కారు మలుపు తిరిగి కనబడకుండా పోతుంది, మన వల్లే ఆలస్యమవుతోందని నోరు మూసుకుంటావు. నీళ్ల సీసా కాళ్ల దగ్గరే ఉంటుంది, మూత తియ్యవు. కాబట్టి ఈ మాట రోడ్డు మీద కాదు, బయల్దేరే ముందే, ఆ జంటను ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి చెప్పు: ‘రెండు గంటలకోసారి ఆగుతాం, నేను పది నిమిషాలు నడుస్తాను. ఏ ఊళ్లోనైనా నేను వెనక్కి తిరుగుదామంటే ఎందుకని అడగకూడదు. మీరు ముందుకెళ్లిపోవచ్చు, మేం ఏమీ అనుకోం.’ ఇది విని మొహం చిట్లించేవాళ్లయితే వాళ్లతో వెళ్లొద్దు.

నడక మాట మర్యాదకు రాయలేదు. గర్భంతో ఉన్నప్పుడు రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది. కాళ్లు కదపకుండా గంటల తరబడి కూర్చుంటే పిక్కలో గడ్డ కట్టొచ్చు. రెండు కాళ్లూ కొంచెం వాచడం మామూలే. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడితే మాత్రం డాక్టరుకు చూపించుకోవలసిందే. సీటు బెల్టు పొట్ట మీద నొక్కుతుందని మానేస్తున్నావట, మీ ఆయన చెప్పాడు. ఆ పని చెయ్యకు. కింది పట్టీ పొట్ట కిందుగా తుంటి ఎముకల మీద పడాలి, పై పట్టీ రొమ్ముల మధ్యగా వచ్చి పొట్ట పక్కనుంచి దిగాలి. పొట్ట మీదుగా ఎప్పుడూ వెళ్లకూడదు. ఇవాళే కారులో కూర్చుని ఒకసారి పెట్టుకుని చూసుకో.

ఇక మీ అమ్మ సంగతి.

నీకంటే ముందు ఒకటి మూడో నెలలో పోయిందని నీకు తెలుసు. అంతకు వారం ముందు మీ అమ్మ రాజమండ్రి నుంచి బస్సులో వచ్చింది. బస్సు కుదుపులకే పోయిందని ఇంటికి వచ్చినవాళ్లంతా తీర్పు ఇచ్చారు. ‘వద్దంటే విందా’ అని మా అమ్మ అందరి ముందూ అంది. నేను అక్కడే ఉన్నాను. మొదటి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం, పిండం ఏర్పడినప్పుడే క్రోమోజోముల్లో వచ్చిన తేడా వల్ల పోతాయని, బస్సుకూ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. చదువుకున్న చదువే అది. అయినా అమ్మకు ఎదురు చెప్పడమేమిటని ఊరుకున్నాను. నీ బారసాల అయ్యాక ఒక రాత్రి పెరట్లో అంట్లు తోముకుంటూ చెప్పాను. మీ అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని, ‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు వదినా’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అందుకని ఆవిడ కంగారును తేలిగ్గా తీసిపారెయ్యకు. దాచీ వెళ్లకు. నాలుగు రోజులు ‘ఇంట్లోనే ఉన్నామమ్మా’ అని ఫోనులో అంటావు సరే, వెనకాల సముద్రం హోరు ఎక్కడ దాస్తావు? మీ అమ్మవి పాము చెవులు. ఏదైనా అయి నువ్వు బాపట్లలో ఆసుపత్రి మంచం మీద ఉంటే, మొట్టమొదట రావలసిన మనిషికి నువ్వు ఏ ఊళ్లో ఉన్నావో కూడా తెలియకపోతే ఎలా? నేను మాత్రం నీ మాట ఆవిడకు చేరవెయ్యను, అది నువ్వే చెప్పాలి. స్కాన్ అయిన రోజే, డాక్టరమ్మ అన్న మాటలతో సహా చెప్పు. ఏడుస్తుంది. రెండు రోజులు ఫోను ఎత్తదు. మూడో రోజు సున్నుండల డబ్బా పార్సిల్ వేస్తుంది.

చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా వింటావు, కడుపుతో ఉన్నదాని మొగుడు సముద్రస్నానం చెయ్యకూడదని. నువ్వు నవ్వుతావు, నేనూ నీ వయసులో నవ్వాను. ఆ నిషేధం నీకు కాదు, అతనికి. అది పెట్టిన పెద్దలు ఏమనుకుని పెట్టారో గానీ, మన తీరంలో ఏటా వేసవిలో కొట్టుకుపోయేవాళ్లలో ఎక్కువమంది నిబ్బరంగా ఉన్న కుర్రాళ్లే. ఒడ్డుకు వచ్చిన నీళ్లు వెనక్కి పోయే చోట ఒక పాయలా లాక్కుపోతుంది. చూడ్డానికి అక్కడే అలలు చిన్నవిగా, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, అందుకే అక్కడే దిగుతారు. అందులో పడితే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. అల్లుడుగారికి ఈత వచ్చని నాకు తెలుసు, అది చెరువులో నేర్చిన ఈత. నీకు ఆయన ఒడ్డున కావాలి. నువ్వు చీలమండల దాకా తడుపుకో, చాలు. అల పొట్ట మీద కొడితే ఎవరికీ సరదా కాదు.

మే రెండో వారమంటే కృత్తిక కార్తె. రోహిణి ఇంకా రాలేదులే అనుకోకు, బందరు ఉక్క నీకు తెలియదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, సముద్రం గాలిలో అది ఆరదు. తెల్లవారుజామున అయిదింటికి కారెక్కి పదింటికల్లా ఏదో ఒక కప్పు కింద ఉండాలి. మళ్లీ నాలుగు దాటాకే బయటికి. ఉప్పు వేసిన మజ్జిగ, బొండాలు, ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకో. ఒక పొట్లం లీటరు నీళ్లలో కలపాలి, గ్లాసులో కాదు. అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినబడితే సూట్‌కేసు విప్పేసెయ్. 2010లో లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే 20నే.

తిండి దగ్గర నీతో వాదన పెట్టుకోక తప్పదు. వంజరం వేపుడు తినాలని రాశావు. ఇప్పుడు రేవుకు వెళ్తే బోట్లన్నీ ఒడ్డున కట్టేసి ఉంటాయి. మొన్న 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు, మోటారు పడవలకు వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. వలలు నీడన పరుచుకుని బాగుచేసుకుంటున్నారు. అలాంటప్పుడు బీచిలో కొట్టువాడు ‘ఇప్పుడే వచ్చిన సరుకండీ’ అంటే, అది ఐసులో ఎన్నాళ్ల కిందట పడుకుందో ఆలోచించు. తెడ్డు తెప్పలవాళ్లు తెచ్చిన కవళ్లో, నెత్తళ్లో దొరికితే కళ్ల ముందు పులుసు పెట్టించుకుని తిను. సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అది బిడ్డ మెదడుకు మంచిది కాదు. బాలింతలకు పాలసొర పెట్టే ఊళ్లో కూర్చుని ఈ మాట రాస్తున్నాను, మా వీధిలో ఎవరికీ చూపించకు. చేపల కన్నా నా భయం నీళ్లతోనే. పాడునీళ్లలో వచ్చే కామెర్లు, హెపటైటిస్ ఈ అంటారు, మామూలు మనిషిని పడుకోబెట్టి లేపుతాయి. గర్భిణిని, అందులోనూ నెలలు నిండుతున్నవాళ్లను, ప్రాణం మీదికి తెస్తాయి. చెరకురసం బండి దగ్గర ఐసు ముక్క చూస్తే నాకు ఇప్పటికీ వార్డు గుర్తొస్తుంది.

నీ ఫైలు డిక్కీలో కాదు, కాళ్ల దగ్గర ఉండాలి. నీది ఓ నెగటివ్. కారు కుదుపుకు పొట్టకు దెబ్బ తగిలినా, చుక్క రక్తం కనబడినా, బాగానే ఉందిలే అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లి నెగటివ్ గ్రూపని ముందే చెప్పు. యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల లోపు పడాలి. నీరు పోతున్నట్టున్నా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గిందనిపించినా అంతే. 108కి చెయ్యి, సిగ్గుపడకు. ఒళ్లు నొప్పులని మందుల షాపులో బిళ్లలు అడిగి మింగకు.

నీ ప్లానులో నేను ఎర్ర పెన్నుతో కొట్టేసినవి ఇవి: మంగినపూడి, ఉప్పాడ, భీమిలి. ఉప్పాడ బీచి రోడ్డు కెరటాలకు కోసుకుపోతూనే ఉంటుంది, ఆ గతుకులు ఇప్పుడు నీకెందుకు. సూర్యలంకలో ఒక్క రాత్రి కాదు, రెండు ఉండండి. అక్కణ్ణించి 216 మీద నరసాపురం దాటి చించినాడ వంతెన మీదుగా గోదావరి దాటితే మన కోనసీమే. అంతర్వేది సాయంత్రం చూడొచ్చు, గుడి నుంచి సముద్రం దగ్గరే, వశిష్ఠ కలిసే చోటు కూడా. ఆ తర్వాత కారు మా ఇంటి ముందు ఆగాలి. ఆ జంటకు భీమిలి చూడాలని ఉంటే వెళ్లి రమ్మను, తిరిగి వచ్చేటప్పుడు ఇక్కడ భోజనం చేస్తారు.

ముందు గదిలో మంచం కిటికీ దగ్గరికి జరిపించాను. బాత్రూము ఆ గదికి ఆనుకునే ఉంది. మీ మామయ్యకు నీ ప్లాను రేపు చూపిస్తాను, ఆయన గంగాబొండాం చెట్టు ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు, నీ పేరు చెబితే గానీ గెల దించరు.

ఈ ఉత్తరం అందిన రోజే మీ అమ్మకు ఫోను చెయ్యి. ఆవిడ ఏమందో సాయంత్రం నాకు చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య