జలము - కాయము - కాయకము

బసవేశ్వరుడు కాయమును దేవాలయముగా నెంచెను. కాయకమునకు కైలాసమంతటి ఘనత నిచ్చెను. మరి కాయమే వంగిపోయినవానికి కాయక మెట్లు సాగును? ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు.

అచటి రాతినేలలోని ఫ్లోరైడు బావినీటిలో కలియును. కంటికి కానరాదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి ముందు పండ్లు గారపట్టును, పిదప వెన్ను బిగిసిపోవును.

1967లో నాగార్జునసాగరము కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ వలన మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతములు పచ్చబడినవి. అయితే 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి గార్లు ఫ్లోరైడు పీడిత గ్రామములలో పిల్లల, యువకుల మోకాళ్లు లోనికి వంగుటను లోకమునకు తెలిపిరి. జలాశయపు ఊటచే భూగర్భజలము పైకెక్కి, నేలలో క్షారము హెచ్చి, జొన్నలో మాలిబ్డినము పెరిగెననియు, అది దేహములోని రాగిని హరించుచున్నదనియు ఆ సంస్థవారు భావించిరి.

ఆనకట్ట కట్టినవారు కీడు తలపెట్టలేదు. తలంపు మంచిదైనంతనే ఫలభారము తొలగునా? తొలగదు. అన్నము పెట్టి, తిన్నవాని క్షేమము విచారింపనిది దాసోహము కాదు. పాదోదకమును అష్టావరణములలో నొకటిగా కొలుచు భక్తుడు బిందెలోని నీటిని పరీక్షింపక పరులకు పోయుటయు అట్టిదే.

పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానికి నల్లగొండ పేరే పెట్టిరి. రోగముతో గాక మందుతో ఆ పేరు దేశాంతరములకు ప్రాకుట కొంత ఊరట. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలమును ఊళ్లకు చేర్చినది. కాని ముదిరి వంగిన ఎముకను మంచినీరు సరిచేయజాలదు. ఆ వంగిన దేహములకు సమాజము చేయవలసిన దాసోహము ఇంకను మిగిలియే యున్నది.