విధేయతకు మేర యెక్కడ?

పెద్దల యాజ్ఞను పాటించుట సద్గుణమని బాల్యమునుండి మనమందరమును వినుచున్నాము. ఆ మాట సత్యమే. ఆజ్ఞాపించువాడును, లోబడువాడును లేనిచో గృహము నిలువదు, రాజ్యమును నిలువదు. అయినను ఆజ్ఞకు మేర యొకటి యుండవలదా? ఆ మేర దాటిన పిదపను లోబడుట సద్గుణమగునా, లేక యన్యాయమున పాలుగొనుట యగునా? ఈ ప్రశ్నను ఏథెన్సు నగరవాసులు క్రీస్తునకు పూర్వము అయిదవ శతాబ్దముననే తమ నాటకశాలలో గూర్చుండి విచారించిరి. వారి విచారమువలన మనము నేర్చుకొనదగినది కొంత కలదని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

సోఫొక్లీసు మహాకవి క్రీ. పూ. 441 ప్రాంతమున 'ఆంటిగొనీ' యను నాటకమును ప్రదర్శింపజేసెను. దాని కథ సంగ్రహముగా నిట్టిది. థీబ్సు నగరమును రక్షించుటకై ఎటియోక్లీసును, దానిని జయించుటకై పరసేనతో వచ్చిన పోలినైకీసును, తోడబుట్టినవారయ్యును ఒకరి చేత నొకరు హతులైరి. వారి మేనమామయగు క్రేయోను రాజయ్యెను. ఎటియోక్లీసునకు సకలమర్యాదలును జరుపవలయుననియు, పోలినైకీసు శవమును కుక్కలకును పక్షులకును విడువవలయుననియు, దానిని పూడ్చినవారికి మరణమే శిక్షయనియు నతడు శాసించెను. మృతుల చెల్లెలగు ఆంటిగొనీ యా శాసనమును మీరి యన్న శవముపై మన్ను చల్లి యుత్తరక్రియ నెరవేర్చెను. పట్టుబడినప్పుడు తాను చేయలేదని బొంకలేదు. శాసనము తెలియదనియు ననలేదు. దేవతల యలిఖిత ధర్మమును త్రోసివేయుటకు మర్త్యుని యాజ్ఞకు శక్తి చాలదని రాజు నెదుటనే చెప్పెను.

క్రేయోనును దుష్టుడని యొక్కమాటలో త్రోసివేయుట న్యాయము కాదు. అంతఃకలహమున నలిగిన పట్టణము అతని చేతికి వచ్చినది. స్వజనమును దేశముకంటె నెక్కువగా జూచువాడు పాలకుడుగా నుండతగడని అతడు మొదటనే ప్రకటించెను. అది మంచి సూత్రమే. సోఫొక్లీసు సయితము అధికారమును ద్వేషించినవాడు కాడు. ఏథెన్సు ప్రజలు ఆయనను సేనానాయకులలో నొకనిగా నెన్నుకొనియుండిరి. మరి క్రేయోను తప్పెక్కడ? మేము గ్రహించినంతవరకు నతని తప్పులు రెండు. తన యధికారము చెల్లని చోట, అనగా మృతునియెడ బంధువులు నెరవేర్పవలసిన ధర్మమునందు, శాసించుట మొదటిది. శాసించిన పిదప నెవరి మాటయు వినకుండుట రెండవది.

ఈ రెండవ తప్పే యెక్కువ ఘోరమైనదని మా యభిప్రాయము. ఆంటిగొనీని పెండ్లాడవలసినవాడు క్రేయోను కుమారుడగు హైమొను. అతడు తండ్రియొద్దకు వచ్చి మొదట వినయముతోనే మాటలాడెను. రాజు ముఖము చూచి పలుకుటకు జనులు జంకుదురనియు, చాటున మాత్ర మా కన్యకై విలపించుచున్నారనియు విన్నవించెను. వరదలో వంగిన చెట్టు నిలుచుననియు, బిగిసి నిలిచినది వ్రేళ్లతో గూలుననియు దృష్టాంతము చెప్పెను. క్రేయోను దానికి బదులుగా కుమారుని వయస్సు నెత్తిపొడిచెను. చెప్పబడిన మాట నిజమా యని విచారింపక, చెప్పినవాడు తనకంటె చిన్నవాడా యని చూచుట అధికారమునకు పట్టిన ప్రాతవ్యాధి. చదువరులారా, ఈ వ్యాధి రాజమందిరములకే పరిమితమని తలపకుడు. ఇంటి సావడిలో యజమానుడు కుమారుని, భార్యను, కోడలిని నోరు మూయించునపుడెల్ల క్రేయోను కంఠమే యచట వినబడుచుండును.

ఇక లోబడినవారి మాట. ఇస్మేనే అక్క చేయబూనిన కార్యము ధర్మమని యెరుగును. కాని స్త్రీలమనియు, బలహీనులమనియు చెప్పి వెనుదీసెను. కావలివాడు తన ప్రాణము దక్కినందుకు సంతసించుచు ఆమెను పట్టి తెచ్చెను. సభలోని వృద్ధులు రాజు పలికిన దానికెల్ల తలయూచిరి. వీరెవ్వరును క్రూరులు కారు. అయినను వీరి విధేయత లేనిచో క్రేయోను శాసనము వట్టి మాటగానే మిగిలియుండును. అధికారుల యెదుట మనలో ననేకులము ఇస్మేనే వంటివారము. ఇంటికి వచ్చిన పిదప మనమే క్రేయోనులము. ఈ రెండును ఒకే దోషముయొక్క రెండు ముఖములు.

లోబడినవాడు తిరిగి లేవలేడా? సోఫొక్లీసు తన తొంబదవయేటి చేరువలో, క్రీ. పూ. 409లో, 'ఫిలొక్టేటీసు' నాటకమున దీనికి సమాధానము చెప్పెను. నియోప్టోలెమసను యువకుడు ఒడిస్యూసు ఆజ్ఞ ననుసరించి, ద్వీపమున దిక్కులేక రోగపీడితుడై యున్న ఫిలొక్టేటీసును వంచించి, యతని వింటిని సంగ్రహించెను. పిదప నా యార్తుని బాధ చూచి సిగ్గుపడి, నాయకుడు బెదరించినను లెక్కసేయక, వింటిని తిరిగి యతని చేతిలోనే పెట్టెను. ఆజ్ఞ చేసినవాడు వేరొకడైనను, చేసిన చేయి తనదేయని యతడు తెలిసికొనెను.

నెల్సన్ మండేలా 1964 మొదలు 1982 వరకు రాబెన్ ద్వీపపు చెరసాలలో నుండెను. అచట ఖైదీలు 'ఆంటిగొనీ'ని ప్రదర్శించినప్పు డాయన ధరించినది క్రేయోను పాత్ర. 1994లో దక్షిణాఫ్రికా యధ్యక్షపదవి నధిష్ఠింపనున్నవాడు, బంధింపబడియున్న కాలముననే పాలకుని దోషమును స్వయముగా నభినయించి చూచెను. ధిక్కరింపనేర్చినవాడు ఆజ్ఞాపించుటయందలి యపాయమును గూడ నెరుగవలయును గదా!

నాటకాంతమున నొక చిన్న విషయము కలదు. గ్రుడ్డి ప్రవక్తయగు టైరీసియాసు హెచ్చరించి పోయిన పిదప క్రేయోను మనస్సు కరగెను. ముందుగా సజీవసమాధిలో నున్న కన్యను విడిపింపుమనియు, పిదప మృతుని పూడ్పుమనియు వృద్ధులు చెప్పిరి. అతడు ముందు మృతుని పూడ్చెను. అటుపిమ్మట గుహకు పోవునప్పటికి ఆంటిగొనీ యురిపోసుకొని మరణించియుండెను. హైమొను అచటనే పొడుచుకొని చచ్చెను. ఆ వార్త విని రాణి యూరిడిసియు ప్రాణములు విడిచెను.

తప్పు నొప్పుకొనుట మాత్రమే చాలదు. దిద్దుకొనుటకు క్రమము కూడ కలదు. మృతులకు మర్యాద జరుపుట ధర్మమే. కాని మన యాజ్ఞచే బంధింపబడి, యూపిరాడక, చీకటిలో నున్న సజీవులెవరైన మన యిండ్లలో నున్నచో ముందుగా నా తలుపు తీయుదము.