ఆగిన బండి డీజిల్ తాగదు

హైదరాబాద్‌లో మా గౌలిపురా అడ్డా మీద టెంపో ట్రావెలర్ నడుపుకునే పిల్లవాడు ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి తెలుగు చదువుకున్నవాడే. 2024 ఫిబ్రవరిలో మేడారం తల్లుల జాతరకు బండి మాట్లాడదామని పోతే, బయానా అందుకోకముందే లెక్క తేల్చి చెప్పాడు.

"టీచరమ్మా, గురువారం రాత్రి పోయి శుక్రవారం రాత్రికల్లా తిరిగొస్తే ఒక రేటు. అక్కడ రాత్రి ఉంటమంటే రెండో రోజు కిరాయి, డ్రైవర్ బత్తా వేరే. బండి నిలబడితే నాకు గిట్టదు."

ఇంటికొచ్చి కాగితం పెన్సిలు ముందేసుకుని కూర్చున్నాను. మేడారం పోయి రావడానికి దగ్గర దగ్గర ఐదువందల కిలోమీటర్లు. లీటరుకు పది చొప్పున యాభై లీటర్లు. 2020 జాతర నాడు హైదరాబాద్‌లో లీటరు డీజిల్ డెబ్బై దాటి కొంత. 2022 జాతర నాటికి 94 రూపాయల 62 పైసలు. ఆ ఏప్రిల్‌లో 105 కూడా దాటి, మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించాక 97 రూపాయల 82 పైసలకు దిగింది. 2024 జాతర దాకా అక్కడే ఉంది. అంటే నాలుగేళ్లలో ఒక యాత్రకు పెరిగిన డీజిల్ ఖర్చు పన్నెండు, పదమూడు వందలు. పద్నాలుగు మందిమి. తలకు వంద రూపాయలు కూడా పడదు.

వంద రూపాయలకు వెనకాడి తల్లుల దగ్గర నిద్ర మానుకుంటామా? అది కాదు సంగతి. ఆ పిల్లవాడు బండిని ఫైనాన్సులో తెచ్చుకున్నాడు. డీజిల్ పెరిగినంతా కిరాయిలో కలిపితే గిరాకీ పక్క అడ్డాకు పోతుంది. అందుకని కొంత తానే మోస్తాడు. మోసినదాన్ని ఇంకో ట్రిప్పు కొట్టి పూడ్చుకోవాలి. చెట్టు కింద రాత్రంతా నిలబడ్డ బండి అతనికి పోయిన ట్రిప్పు. నిజానికి ఆగిన బండి చుక్క డీజిల్ తాగదు. తాగేదంతా నడిచేటప్పుడే. అయినా ధర పెరిగినప్పుడు మా అందరి యాత్రల్లోంచి మొదట రాలిపోయింది ఆగడమే. 2020లో రెండు రాత్రులు ఉన్నాం. 2022లో ఒక రాత్రి. 2024లో అదీ లేదు.

నా గొడవ అక్కడ మొదలైంది. ఎందుకంటే మా మొక్కులో రాత్రి ఉంది. నెలలు నిండకుండా పుట్టిన మనవడు అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు నేనే మొక్కుకున్నాను: పిల్లాడు దక్కితే వాడి ఎత్తు బంగారం ఇస్తాం, గద్దెల చాయలో ఒక రాత్రి నిద్ర చేస్తాం అని. మేడారంలో బంగారమంటే బెల్లమని తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. నిద్ర చేయడం గురించి మాత్రం ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. దేవుడున్న చోట తల వాల్చి తెల్లవార్లూ ఉండిపోవడం కూడా మొక్కే. కొబ్బరికాయ ఎంతో, కోడి ఎంతో, అదీ అంతే.

శుక్రవారం పొద్దున జంపన్న వాగులో మునిగాం. పదకొండు కిలోల బెల్లం గద్దెలకు చేర్చాం. అంత జనంలో పిల్లాణ్ణి భుజం మీదికెత్తి తల్లులకు చూపించాను, కళ్ల నీళ్లొచ్చాయి. మధ్యాహ్నానికే డ్రైవర్ ఫోన్లు మొదలుపెట్టాడు. ఇంట్లోంచి కట్టుకెళ్లిన పులిహోర బండిలో కూర్చునే తిన్నాం. గంజులు, పొయ్యి, తాడ్‌పత్రి వెంట తీసుకుపోలేదు, అవసరం లేదన్నారని. రాత్రి జనగామ దాటుతుంటే పిల్లాడు ఒళ్లో నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు. బెల్లం మొక్కు తీరింది, రాత్రి మొక్కు మిగిలిపోయింది.

తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కనుక పుస్తకాలే తిరగేశాను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, మా హైదరాబాద్ మీదుగానే కాశీకి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. పరివారంతో, డేరాలతో పదిహేను నెలలు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే కాశీ కన్నా దారే ఎక్కువ కనిపిస్తుంది: ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఎక్కడ సామాను దొరుకుతుంది. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథలు కూడా అంతే. దిగిన చోటల్లా కథ చెబితేనే వస్తానంటాడు పశువుల కాపరి కుర్రాడు. ఆ ఒప్పందం మీదే యతి వెంట నడుస్తాడు. మజిలీ లేకపోతే కథే లేదు. మజిలీ అన్న మాట మనకు మంజిల్ నుంచి వచ్చింది. మా పక్కింటి ఖాలా నోట మంజిల్ అంటే చివరికి చేరాల్సిన చోటు. మనం అదే మాటను దారిలో దిగే చోటుకు పెట్టుకున్నాం. నలభై ఏళ్లు పాఠం చెప్పాను గానీ ఈ తేడా నన్ను ఇలా పట్టుకోవడం ఇప్పుడే.

భారతం అరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్ముడికి తీర్థాల గొప్ప చెబుతూ ఒక మాటంటాడు. యజ్ఞానికి బోలెడు సంభారం కావాలి, అది రాజులకూ సంపన్నులకూ సాగుతుంది, దరిద్రుడి వల్ల కాదు. తీర్థానికి పోవడం మాత్రం బీదవాడికీ అందుతుంది, ఫలం యజ్ఞానికి మించినది. చదివిన ప్రతిసారీ నాకు ఇది ధైర్యం చెప్పే మాట. తీర్థయాత్ర బీదవాడి యజ్ఞం. అలాంటి దానికి ఇప్పుడు రెండో రోజు కిరాయి, బత్తా, సిలిండరు సంభారాలైపోతే, బీదవాడికి ఇంక మిగిలిందేమిటి?

ఇదంతా ఖాలా ముందు పెట్టాను. ఆమెకూ ఈ బాధ ఉంది. కొత్తూరు దగ్గర ఇన్ముల్‌నర్వలోని జహంగీర్ పీర్ దర్గాకు ఆమె పుట్టింటి వాళ్లు తరాలుగా కందూరు చేస్తారు. అక్కడికి హిందువులూ పోతారు, మేమూ వాళ్ల వెంట ఎన్నోసార్లు పోయాం. మేకపోతును, దేగ్చాలను, బియ్యాన్ని డీసీఎంలో వేసుకుని ఇంటిల్లిపాదీ వెళ్లడం, చెట్ల కింద వండటం, ఫాతెహా ఇచ్చి ఎదురైన వాళ్లందరికీ పెట్టడం, చాపలు పరుచుకుని అక్కడే పడుకోవడం. నలభై, యాభై కిలోమీటర్ల దూరమే. అయినా కిందటిసారి పొద్దున పోయి అసర్ నమాజు వేళకు తిరిగొచ్చేశారు.

"నియ్యత్ సాఫ్ ఉంటే చాలు టీచరమ్మా," అంది ఖాలా. "హజ్ కూడా స్తోమత ఉన్నోళ్లకే. పోలేనోళ్ల మీద అల్లా బరువు పెట్టలేదు. మన్నత్ మాట మీ అమ్మవారికి తెల్వదా?"

ఆమె మాట సగం నన్ను ఊరడించింది. మా ధర్మంలోనూ సంకల్పం పెద్దది. కదలలేని వాళ్ల కోసం మీ సేవలో సొమ్ము కడితే మేడారంలో బంగారం సమర్పించే ఏర్పాటు కూడా వచ్చింది. ముసలివాళ్లకు అది మేలే, నేను తప్పు పట్టను. అడవి తల్లులు నా పేదరికాన్నీ, డ్రైవర్ కిస్తీనీ ఎరగనివాళ్లేం కాదు. వాళ్లు క్షమించే ఉంటారు.

మిగిలిన సగమే నన్ను వదల్లేదు. 2020లో మా తాడ్‌పత్రి పక్కనే మహారాష్ట్ర సిరొంచ నుంచి వచ్చినవాళ్లు దిగారు. మా నూనె డబ్బా దారిలో ఒలికిపోతే వాళ్ల సీసాలోంచి వంచి ఇచ్చారు. విస్తర్లూ వాళ్లవే. రాత్రి చలికి వాళ్ల ముసలామె వణుకుతుంటే మా దుప్పటి కప్పాం. తెల్లారి ఎవరి దారిన వాళ్లు పోయాం. పేర్లు కూడా అడగలేదు. ఆ నూనెకు, ఆ దుప్పటికి సంకల్పంలో చోటెక్కడుంది? నిద్ర చేస్తానని మొక్కినప్పుడు అమ్మవారితో పాటు పక్క చెట్టు కింద దిగబోయే వాళ్లకూ నేను మాటిచ్చినట్టే కదా. అమ్మవారు తన వంతు మాఫీ చేయగలదు. ఆ ముఖం తెలియని వాళ్ల వంతు నాకు ఎవరు మాఫీ చేస్తారు? నా నమ్మకం చెబుతున్నాను: నేను లేని రాత్రి అక్కడెవరో నూనె లేక వండుకోలేదేమో, ఎవరో చలికి వణికారేమో. అది నా బాకీయే.

2023 డిసెంబరు 9 నుంచి మన ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. నేను, కోడలు, చెల్లెలు, ఇద్దరు మేనకోడళ్లం 2026 జాతరకు బస్సులోనే పోదామనుకున్నాం. ఇమ్లీబన్ బస్టాండు నుంచి హనుమకొండ, అక్కడి నుంచి జాతర బస్సు. మమ్మల్ని దింపి బస్సు దాని దారిన అది పోతుంది. మా కోసం నిలబడదు కనుక నిలబెట్టిన కిరాయీ ఉండదు. జనవరి 28న జాతర మొదలు. తాడ్‌పత్రిని సగానికి కత్తిరించి అంచులు కుట్టించాను, సంచిలో పట్టేటట్టు. గ్యాసు పొయ్యి వద్దు, మూడు రాళ్లు అక్కడే దొరుకుతాయి.

గిన్నె ఒక్కటే తేలలేదు. మా గంజు మరీ పెద్దది. ఒకరోజు ఖాలా తన కందూరు సామాన్లలోంచి చిన్న దేగ్చా తీసి, చింతపండుతో తోమి తెచ్చింది.

"దీంట్ల పదిమందికి వస్తది. మీరు ఐదుగురే కదా, ఇంకా చిన్నది ఇయ్యాల్నా?"

"ఇదే ఉండనీ ఖాలా," అన్నాను. "పక్క చెట్టు కింద ఎంతమంది ఉంటారో ఇప్పుడే తెల్వదు కదా."