కొమురం భీము: బొమ్మయు మనిషియు

మా బోథు ప్రాంతపు పిల్లలను కొమురం భీముని బొమ్మ గీయుమన్నచో ముందుగా తుపాకి గీయుదురు. అది అబద్ధము కాదు. 1940లో జోడేఘాటు కొండలపై నిజాము పోలీసులతో పోరాడియే ఆయన అసువులు బాసెను. కాని ఆయనచే తుపాకి పట్టించిన కారణములు బొమ్మలో ఇమడవు. అడవికి రిజర్వు హద్దులు గీచి, గోండులు దున్నుకొను పోడు భూములను అందు కలిపివేసిరి. మేతకు పన్ను విధించిరి. చదువురాని వారి భూములకు పైనుండి వచ్చినవారు పట్టాలు పొందిరి.

2022 నాటి ఆర్.ఆర్.ఆర్. చలనచిత్రము అల్లూరి సీతారామరాజును భీమునికి చెలికానిగా జేసి, ఇరువురిని ఆంగ్లేయులపైకి నడిపించినది. కల్పనయని చెప్పియే తీసిరి గనుక తప్పెన్నము. అయితే ఆంగ్లేయులు వెడలిపోయిరి, నిజాము ప్రభుత్వమును పోయినది. పగవారు వారే యైనచో నేడు జవాబు చెప్పవలసినవాడు ఎవ్వడును మిగులడు. అడవి హద్దు మాత్రము మిగిలియే యున్నది. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చిన పిమ్మటను పోడు తగవులు తీఱలేదు.

ఇంకొక చిక్కు గలదు. పంట లాగికొన వచ్చిన సిద్దిఖ్ అనువానిని భీముడు యౌవనమున కొట్టి చంపి, అస్సామునకు పాఱిపోయెనని కథనము. భక్తులు దీనిని దాచుదురు, లేదా వీరకృత్యమని పొగడుదురు. ఆ హత్యను మేము మెచ్చలేము. ఆ పంట ఎవరిదని అడుగక నిందింపను లేము. పాఠకులకును ఈ ఇబ్బంది తప్పరాదని మా కోరిక.

భీముని మరణానంతరము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునిచే గోండుల బాధలను విచారింపజేసెను. 1943లో మార్లవాయిలో గోండి భాషలో బోధించు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయ్యెను. ఆ మార్లవాయి బడి బొమ్మ గీయుమని పిల్లల నడుగుటకు మా ఉపాధ్యాయులకే తోచదు.