సాయంలో కర్త ఎవరు?

చక్రాల కుర్చీ వాడే వ్యక్తి కారెక్కడానికి, దిగడానికి పక్కవారు చేసే సాయాన్ని లోకం సేవగా లెక్కిస్తుంది. అయితే ఆ పనికి కర్త ఎవరని ఆలోచిస్తే, సేవ చేశామన్న తృప్తి అంత తేలిగ్గా నిలబడదు. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది: పనికి ఆధారమైన శరీరం, అంటే అధిష్ఠానం, సంకల్పించే కర్త, పనికి ఉపకరించే కరణాలు, పలు విధాల చేష్టలు, అంటే ప్రయత్నాలు, చివరిది దైవం. కేవలం తననే కర్తగా చూసుకునేవాడి బుద్ధికి సంస్కారం లేదని కూడా అక్కడే ఉంది.

కుర్చీని కారు సీటుకు వాలుగా చేర్చి, బ్రేకులు బిగించి, కాళ్లు పెట్టుకునే పలకలను పక్కకు తిప్పి, రెండు సీట్ల మధ్య నున్నని బల్ల వేశాక, ముందు నడుమును జరపాలో, కాళ్లను లోపల పెట్టాలో ఆ వ్యక్తికే తెలుసు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి కింది భాగంలో స్పర్శ ఉండకపోవచ్చు, కాళ్లు ఉన్నట్టుండి బిగుసుకుపోవచ్చు. చంకల కింద చేతులు వేసి లాగితే, రోజంతా చక్రాలు తిప్పవలసిన భుజాలే దెబ్బతినవచ్చు. కనుక సంకల్పమూ క్రమమూ వేగమూ ఆ వ్యక్తివే; వ్యాఖ్యాతలు కరణాలంటే ఇంద్రియాలనే చెప్పినా, ఇక్కడ సహాయకుడి చేతులను బల్లతోపాటు ఆ కోవలో చేర్చడం సబబే.

మనిషిని కరణమనడం అతన్ని వస్తువుగా దిగజార్చడం కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఏ మనిషినీ వట్టి సాధనంగా చూడరాదని, ప్రతి మనిషీ తనంతట తానే ఒక లక్ష్యమని జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో వాదించాడు. అయితే ఇష్టపూర్వకంగా తన చేతులను మరొకరి నిర్ణయానికి అప్పగించినవాడు ఆ గౌరవాన్ని పోగొట్టుకోడు. నియమభంగం జరిగేది అవతలి వైపు: అడగకుండా ఎత్తి కూర్చోబెట్టినప్పుడు, కుర్చీలోని వ్యక్తి దయాళువు సంపాదించే పుణ్యానికి సాధనమైపోతాడు.

ఎక్కడం కంటే దిగడంలోనే ఈ పరీక్ష కఠినమైనది. మడతపెట్టిన కుర్చీ డిక్కీలో ఉన్నంతసేపు, దాన్ని తెచ్చి తలుపు పక్కన నిలిపేవారు లేకపోతే ఆ వ్యక్తి ఎక్కడికీ కదలలేడు. నిక్షేపాన్ని, అంటే నమ్మి ఒకరి వద్ద దాచుకున్న సొత్తును, అడిగినప్పుడు ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలని ధర్మశాస్త్రాలు విధించాయి. డిక్కీలోని కుర్చీ అటువంటి నిక్షేపమే. పెళ్లింటి ముందు కారాగాక, ఐదు నిమిషాల్లో వస్తామని చెప్పి లోపలికి వెళ్లిపోయిన బంధువులు ఎంత ప్రేమగలవారైనా, ఆ ఐదు నిమిషాలు వారివి కావు.